గాలిని తిని నడిచే గొట్టపు జంతువులు

కిందటి నెల మా సంఘ కార్యాలయములో నూలు పంచుతూ ఉండగా, చిలపల కోసము వచ్చిన ఒక కుర్రవాడు తన సెల్ ఫోనులో కదిలే బొమ్మ ఒకటి చూపించినాడు. సముద్రపు ఒడ్డు, కనుచూపు మేర ఇసుక. లేత పసుపు రంగు గొట్టాలతో కట్టిన, గది అంత పెద్ద వస్తువు ఒకటి, ఎన్నో కాళ్ళతో, ఎన్నో కీళ్ళతో, ఒడ్డు వెంట నడిచి పోతున్నది. తోసేవారు లేరు. ఇంజను లేదు, కరెంటు లేదు. గాలి వీస్తున్నది, అది నడుస్తున్నది. అంతే.

త్రాసు దగ్గర ఉన్నవారందరు చేతిలోని పని వదిలి చూచినారు. మా సంఘములో పెద్దవాడైన ఒక నేతగాడు మాత్రము కళ్ళద్దాలు సవరించుకొని, "బాగానే ఉంది సెక్రటరీగారూ. ఇంతకీ అది నడిచి నడిచి ఏం తెస్తుంది? గజం గుడ్డ నేస్తుందా?" అని అడిగినారు. అందరు నవ్వినారు. మాకు ఆ పూట జవాబు తోచలేదు. ఆ తరువాత ఆ జంతువులను గూర్చి దొరికినంత చదివినాము. అందులో మన మగ్గానికి, మన కుటుంబాలకు పనికివచ్చే సంగతి ఒకటి ఉన్నదని తోచి ఈ వ్యాసము వ్రాస్తున్నాము.

ఎవరు ఈ మనిషి?

ఈ జంతువులను కడుతున్న శిల్పి పేరు థియో యాన్సెన్. హాలండు దేశములో, హేగ్ నగరమును ఆనుకొని ఉన్న స్కెవెనింగెన్ అనే సముద్రతీరపు ఊరిలో 1948లో పుట్టినారు. డెల్ఫ్ట్ నగరపు విశ్వవిద్యాలయములో భౌతికశాస్త్రము చదివి, పట్టా పుచ్చుకోకుండానే బయటకు వచ్చి చిత్రకారుడైనారు. 1980లో పెద్ద పళ్ళెము వంటి బొమ్మ ఒకటి కట్టి, అందులో హీలియము వాయువు నింపి, డెల్ఫ్ట్ ఊరి మీదుగా ఎగరవేసినారు. అది చూచి ఊరు ఊరంతా కలవరపడినది. ఇటువంటి చమత్కారపు బుద్ధి గల మనిషి ఆయన.

హాలండు దేశపు భూమిలో చాల భాగము సముద్రమట్టానికి దిగువన ఉన్నది. ఆ దేశపువారికి సముద్రము అన్నము పెట్టేదీ అదే, భయపెట్టేదీ అదే. 1953వ సంవత్సరము ఫిబ్రవరి మొదటి తేదీన ఉప్పెన వచ్చి గట్లు తెగి ఆ ఒక్క దేశములోనే 1,836 మంది చనిపోయినారు. తూర్పుతీరమున ఉప్పెన ఎరిగిన మనవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. అక్కడ ఒడ్డున ఉన్న ఇసుక దిబ్బలే ఊళ్ళకు గోడలు. యాన్సెన్ గారు 1990లో ఒక దినపత్రికలో వ్రాస్తూ, ఒడ్డున తమంత తామే తిరుగుతూ ఇసుకను ఎగజిమ్మి దిబ్బల మీద పోసే జంతువులు ఉంటే ఎంత బాగుండును అన్నారు. వ్రాసిన తరువాత ఆ ఆలోచన ఆయనను వదలలేదు. ఒక్క సంవత్సరము ఆ పని చేసి చూద్దామని మొదలుపెట్టినారు. ఆ ఒక్క సంవత్సరము ముప్పది ఏండ్లు దాటి సాగినది.

వారి భాషలో వీటిని 'స్ట్రాండ్‌బేస్ట్' అంటారు. ఒడ్డు జంతువు అని అర్థము. ఒక్కొక్క దానికి శాస్త్రజ్ఞులు జీవులకు పెట్టినట్లు 'అనిమారిస్' అనే ఇంటిపేరు చేర్చి పేరు పెడతారు.

మొదటి జంతువు లేవలేదు

జంతువుకు ఎముకలుగా ఆయన ఎన్నుకొన్నది ఇళ్ళలో కరెంటు తీగలు పోనిచ్చే ప్లాస్టిక్ గొట్టము. అది చవక, తేలిక. వేడి చేస్తే వంగుతుంది, చల్లారితే నిలుస్తుంది. ఖరీదైన సామాను కోరుకొనలేదు. చేతికి దొరికే వస్తువు ఏమి చేయగలదో అది చేయించుటే తన పని అనుకొన్నారు.

మొదటి జంతువును కీళ్ళ దగ్గర అంటుడు పట్టీలతో చుట్టి కట్టినారు. అది లేచి నిలబడలేదు. వెల్లకిల పడుకొని గాలిలో కాళ్ళు ఆడించుట మాత్రమే దానికి చేతనైనది. గొట్టములో లోపము లేదు, లెక్కలో పెద్ద తప్పు లేదు. ముడి నిలువలేదు. 1991లో అంటుడు పట్టీలు తీసివేసి నైలాను పట్టీలతో బిగించి కట్టిన తరువాతి జంతువు లేచి నిలబడి నాలుగడుగులు వేసినది. ఈ సంగతి చదివినపుడు మాకు పడుగు అతికే చేతులు జ్ఞాపకము వచ్చినవి. నూలు ఎంత మంచిదైనా అతుకు నిలువకపోతే మగ్గము నడువదు గదా.

చక్రము ఉండగా కాలెందుకు?

గాలితో బండి నడుపుట ఆ దేశమునకు కొత్త కాదు. 1600 ప్రాంతములో సైమన్ స్టెవిన్ అనే గణిత విద్వాంసుడు మారిస్ రాకుమారుని కోసము తెరచాపల బండి ఒకటి చేయించినారు. అది ఇదే స్కెవెనింగెన్ ఒడ్డున బయలుదేరి, అతిథులను ఎక్కించుకొని, ఉత్తరాన పెట్టెన్ అనే ఊరి వరకు పరుగెత్తినది. దానికి ఉన్నవి చక్రాలు. తడిసి గట్టిపడిన ఇసుక మీద చక్రము బాగానే దొర్లుతుంది. పొడి ఇసుకలో మాత్రము కూరుకొని పోతుంది. ఏలనంటే చక్రము దారిలోని ప్రతి అంగుళమును తాకవలసినదే. కాలు అట్లా కాదు. ఒకచోట మోపి, మధ్య నేలను వదిలి, ఇంకొకచోట మోపుతుంది. ఒంటె ఎడారిలో నడిచేదీ, మన ఎడ్లబండి ఏటి ఇసుకలో దిగబడేదీ ఈ భేదము వలననే.

కాని కాలికి ఒక చిక్కు ఉన్నది. మనము నడిచేటప్పుడు నడుము కిందికీ పైకీ ఊగుతుంది. అంత బరువైన వస్తువు అడుగడుగునా లేచి పడుతూ ఉంటే ఉన్న బలమంతా దానికే ఖర్చు అవుతుంది. కాబట్టి నడుము చక్రపు ఇరుసు వలె ఒకే ఎత్తున సాగవలె. పాదము నేలమీద ఉన్నంతసేపు సరళరేఖగా వెనుకకు జరగవలె. నేల వదలిన తరువాత చురుకుగా పైకి లేచి ముందుకు వచ్చి దిగవలె. గుండ్రముగా తిరిగే ఇరుసునుండి ఇటువంటి అడుగు ఎట్లా పుట్టించుట? ఇదే సమస్య.

మన మగ్గముతో పోల్చి చూడండి. కాలితో తొక్కితే చెక్క దిగుతుంది, తాడు లాగుతుంది, అచ్చు లేస్తుంది, పడుగు నోరు తెరుస్తుంది, నాడె పోతుంది. ఒక కదలికను ఇంకొక కదలికగా మార్చుటయే మగ్గము. తాడు రెండంగుళాలు పొడుగైతే నోరు సరిగా తెరచుకోదు, నాడె పడుగుకు తగులుతుంది. ఆ జంతువు కాలిలోనూ అంతే. అంతా కడ్డీల పొడవులో ఉన్నది.

పదకొండు అంకెలు

యాంత్రికమైన నడక కోసము ప్రయత్నించిన వారిలో ఈయన మొదటివారు కారు. రష్యా దేశపు గణిత విద్వాంసుడు చెబిషెవ్ చేసిన నడిచే యంత్రమును 1878లో ప్యారిస్ నగరపు ప్రదర్శనములో చూపినారు. యాన్సెన్ గారు మాత్రము ఇసుకమీద నడిచే తన కాలి కోసము వేరే దారి పట్టినారు. కడ్డీల పొడవులు ఇన్ని రకాలుగా ఉండవచ్చునని లెక్క వేస్తే వాటికి అంతులేదు. అన్నీ కట్టి చూచుటకు మనిషి ఆయుష్షు చాలదు. అందుచేత ఆయన అటారి అనే చిన్న కంప్యూటరుకు పని అప్పగించినారు. తోచిన పొడవులతో 1500 కాళ్ళను లెక్కలోనే పుట్టించి, ఏ కాలి అడుగు తాను కోరిన అడుగుకు దగ్గరగా ఉన్నదో చూడమన్నారు. వాటిలో మేలైన 100 కాళ్ళను ఏరి, వాటి పొడవులను కలగలిపి మళ్ళీ 1500 కాళ్ళు, మళ్ళీ 100. రైతు విత్తనము ఏరినట్లు తరము వెంట తరము ఏరుతూ ఆ యంత్రము రాత్రింబవళ్ళు నెలల తరబడి పనిచేసినది. కడపట మిగిలినవి పదకొండు అంకెలు. వాటిని ఆయన పవిత్ర సంఖ్యలు అని పిలుస్తారు.

ఆ అంకెలను ఇక్కడ ఇస్తున్నాము. చేతిపని ఎరిగిన మన ఇళ్ళలో వెదురు బద్దలతోనో, దళసరి అట్టముక్కలతోనో ఒక సాయంత్రము పూట కాలు ఒకటి కట్టవచ్చును. ఒక్కొక్క అంకెకు రెండు మిల్లీమీటర్ల చొప్పున తీసుకొంటే చేతికి అందే బొమ్మ అవుతుంది. ఏ కొలబద్ద తీసుకొన్నా నిష్పత్తి మాత్రము చెడకూడదు. ఇక్కడ చెప్పే పొడవులు కీలునుండి కీలు వరకు.

ఒక పలకకు తిరిగే ఇరుసు అమర్చండి. దాని వంకచేయి పొడవు 15. ఇరుసు నడిమినుండి అడ్డముగా 38 దూరములో, ఇరుసు కంటే 7.8 దిగువగా, కదలని మేకు ఒకటి కొట్టండి. వంకచేయి కొసకు రెండు కడ్డీలు తగిలించండి. పై కడ్డీ 50, కింది కడ్డీ 61.9. ఈ కడ్డీలు మేకు వైపుకు పోవలె.

మేకుకు పైన ఒక త్రిభుజము. దాని ఒక మూల మేకు దగ్గర. మేకునుండి 41.5 భుజము పైకి పోయి పై కడ్డీ కొసను కలుస్తుంది. మేకునుండి 40.1 భుజము ఇరుసుకు అవతలి వైపుకు పోతుంది. ఆ రెండు కొసలను కలిపే భుజము 55.8. మేకునుండి కిందికి 39.3 కడ్డీ ఒకటి వేలాడి, కింది కడ్డీ కొసను కలుస్తుంది. ఆ కీలు దగ్గరనే రెండవ త్రిభుజపు ఒక మూల కూడ ఉండవలె. ఈ కింది త్రిభుజములో ఆ మూలనుండి బయటి వైపుకు 36.7, దిగువకు 49, ఈ రెంటి కొసలను కలిపేది 65.7. పై త్రిభుజపు బయటి మూలను కింది త్రిభుజపు బయటి మూలతో 39.4 కడ్డీ కలుపుతుంది. మిగిలిన దిగువ మూలయే పాదము. పాదమునకు పెన్సిలు ముక్క కట్టి, వెనుక కాగితము పెట్టి ఇరుసు తిప్పండి. అడుగున చదునుగా, పైన గుమ్మటము వలె ఒక గీత పడుతుంది. ఆ చదునులోనే ఉన్నది రహస్యమంతా. ఏదైనా ఒక కడ్డీని వేలెడు పొడుగు చేసి చూడండి, చదును పోతుంది.

ఒక్క కాలు నిలబడదు సుమా. ఒకే ఇరుసుమీద ఎదురెదురుగా కాళ్ళ జతలు ఉండి, వంకచేతులు ఒకదానికొకటి వేరు వేరు కోణాలలో తిరిగితే, ఒక కాలు లేచినపుడు ఇంకొకటి బరువు మోస్తుంది. డాబీ మగ్గములో ఒక అచ్చు దిగేటప్పటికి వేరొకటి లేచినట్లే.

గాలిని నిలువ చేసే సీసాలు

గాలి ఉన్నంతసేపు సరే, గాలి పడిపోతే? సముద్రపు పోటు వచ్చేవేళ గాలి ఆగితే జంతువు అక్కడే మునగవలసినదే. ఇందుకు ఆయన చేసిన ఉపాయము చూడండి. జంతువు వీపుమీది రెక్కలు గాలికి కొట్టుకొంటూ చిన్న పంపులను ఆడిస్తవి. ఆ పంపులు పారవేసే సోడా సీసాలలో గాలిని కూరుతవి. గాలి నిలిచిన తరువాత, సీసాలలోని గాలి గొట్టములో గొట్టముగా దూర్చిన దండాలను తోసి కాళ్ళను కదిలిస్తుంది. ఆ సీసాలే దాని కడుపు. గాలిని తిని దాచుకొనే జంతువు అని అందుకే అన్నాము.

దిగువన నేలను రాసుకొంటూ ఒక సన్నని గొట్టము గాలి పీలుస్తూ ఉంటుంది. అందులో నీరు వచ్చినదా, సముద్రము దగ్గరపడినదని అర్థము. వెంటనే జంతువు వెనుకకు మళ్ళుతుంది. తుపాను గాలి వస్తే తన మేకును తానే ఇసుకలో కొట్టుకొనేట్లు కూడ ఒకదానిని కట్టినారు. ఈ తెలివి అంతా గాలి కవాటములదే. ఒక కవాటము తెరచుకొంటే ఇంకొకటి మూసుకొంటుంది. ఔను, కాదు. వీటిని వరుసగా చేర్చి అడుగులు లెక్కపెట్టే ఏర్పాటు కూడ చేసినారు. జకార్డు ఎరిగిన మనకు ఇది వింత కాదు. అట్టలో రంధ్రము ఉంటే పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. 1804లో ఫ్రాన్సు దేశపు జకార్డు తన మగ్గమునకు పెట్టిన ఆ అవును కాదులే ఇక్కడ గాలి రూపములో ఉన్నవి.

2004లో కట్టిన ఖడ్గమృగము వంటి జంతువు ఒకటి 4.7 మీటర్ల ఎత్తు, 3.2 టన్నుల బరువు. అంత బరువును ఒక్క మనిషి తోసి నడిపించవచ్చును. నడుము ఊగకుండుట అంటే ఏమో ఈ ఒక్క దృష్టాంతము చాలును.

ఏటా వేసవిలో ఆయన కొత్త జంతువును ఒడ్డున నడిపించి చూస్తారు. ఏది విరిగినది, ఏది ఇసుకకు తట్టుకోలేదు, అన్నీ వ్రాసుకొంటారు. శరత్కాలము రాగానే ఆ జంతువు కాలము తీరినదని ప్రకటించి, ఎముకల పోగులో చేర్చి, తరువాతి ఏటి దానిని ఆలోచిస్తారు.

కొలత విప్పి చెప్పుట

మాకు ముఖ్యముగా తోచిన సంగతి ఇది. నెలల తరబడి శ్రమించి సంపాదించిన ఆ అంకెలను ఆయన దాచలేదు. అందరికీ తెలిసేట్లు ప్రకటించినారు. ఇపుడు దేశదేశాలలో విద్యార్థులు, వడ్రంగులు, పిల్లలు ఆ కాళ్ళు కడుతున్నారు. ఇట్లా కట్టుటయే తన జంతువులు సంతానము కనే పద్ధతి అని ఆయన ఉద్దేశము. కొలత ఇచ్చినందువలన ఆయన ఒడ్డు ఖాళీ కాలేదు.

ఇక మన సంగతి. మా సంఘములో ఒక వృద్ధ నేతగాడు ఉండేవారు. ఆయన నేసిన అంచు వంటి అంచు చుట్టుపట్ల లేదు. డాబీ చెక్కలలో మేకులు గుచ్చే వరుస ఆయన ఒక్కరికే తెలుసు. ఎవ్వరికీ చెప్పలేదు. ఆయనను తప్పు పట్టలేము. ఒకప్పుడు నమ్మి ఒక వ్యాపారికి చూపిస్తే, ఆరు నెలలలో అదే అంచు మరమగ్గాల మీద దిగి సగము ధరకు అమ్ముడుపోయినది. ఆ దెబ్బ తిన్న మనిషి నోరు కట్టుకొన్నారు. ఆయన పోయినారు. కొడుకు కార్ఖానా పనికి పోయినాడు. మేకుల చెక్కలు పొయ్యిలోకి పోయినవి. రెండేండ్లకు ఆ అంచు చీరలే 60 కావలెనని ఆర్డరు వచ్చినది. పాత చీర ఒకటి తెచ్చి భూతద్దము పెట్టి మూడు వారాలు పోగులు లెక్కపెట్టినాము. రెండుసార్లు మగ్గమెక్కించినాము, రెండుసార్లు అంచు తప్పినది. ఆర్డరు పోయినది. ఆయన ఉండగా, "పెదనాన్నా, ఈ వరుస సంఘము పెట్టెలో భద్రముగా ఉంచుదాము" అని ఒక్కనాడైనా అడగకపోవుట మా తప్పు. కార్యదర్శిగా అది మా మీదనే ఉన్నది.

మరి విప్పి చెప్పితే దొంగిలిస్తారు గదా అంటారు. నిజమే. శిల్పి జంతువును ఎవరు కట్టినా ఆయన కూడు పోదు, మన అంచు పోతే మన కూడు పోతుంది. ఈ భేదమును మేము మరువలేదు. కాని దాచుటకు, బజారులో పెట్టుటకు మధ్య దారి లేకపోలేదు. తెలంగాణములో ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారి కథ మీలో చాలమంది ఎరిగినదే. చీర ఒక్కింటికి ఆసు పోయుటకు తల్లి తొమ్మిది వేల సార్లు చేయి ఆడించుట చూడలేక, ఏడేండ్లు కష్టపడి, అప్పులపాలై, నలుగురు నవ్వినా మానక, 1999లో ఆసు యంత్రము నిలబెట్టినారు. దానికి తల్లి పేరే పెట్టినారు. పేటెంటు తీసుకొన్నారు, తోటి నేతగాండ్రకు యంత్రాలు చేసి ఇచ్చినారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినది. హక్కు నిలుపుకొంటూనే విద్యను పదిమంది ఇళ్ళకు చేర్చవచ్చునని దీనివలన తెలుస్తున్నది. 1999 నాటి భౌగోళిక గుర్తింపు చట్టము వలన కూడ ఊరి నేతకు పేరు మీద రక్షణ ఉన్నది. కాని చట్టము పేరును కాపాడునేగాని, ఎవరి తలలోనో ఉండి వారితో పోయే మేకుల వరుసను కాపాడలేదు. అది వ్రాసుకొనవలసినది మనమే.

షోలాపురము మొదలు సేలము, బరంపురము, యానాము వరకు మనవారు మగ్గము వేసిన ప్రతి ఊళ్ళోనూ ఇటువంటి కొలతలు తెలిసిన పెద్దలు కొద్దిమంది మిగిలి ఉన్నారు. కాబట్టి మా విన్నపము ఇది. ప్రతి సంఘములోనూ ఒక కొలతల పుస్తకము తెరవండి. పన్నె లెక్క, పడుగు పోగులు, డాబీ మేకుల వరుస, జకార్డు అట్టల నకలు, రంగు పాళ్ళు, చెప్పినవారి పేరుతో సహా వ్రాయించండి. తాళము సంఘము దగ్గరను, రెండవ తాళము ఆ కుటుంబము దగ్గరను ఉండనివ్వండి. ఆ నమూనా నేసినపుడెల్లా ఆ కుటుంబమునకు ఇంత అని సంఘము ముట్టచెప్పవలె. ఇది దానము కాదు, వారి హక్కు. మా సంఘములో వచ్చే సర్వసభ్య సమావేశములో ఈ తీర్మానము పెట్టుచున్నాము.

మొన్న ఆ పెద్దాయన మళ్ళీ నూలు కోసము వచ్చినారు. కుర్రవాడు అప్పటికే వెదురు బద్దలతో కాలు ఒకటి కట్టి తెచ్చి బల్లమీద తిప్పుతున్నాడు. ఆయన కాసేపు చూచి, "ఈ కీలు వదులుగా ఉందిరా అబ్బాయీ, అందుకే పాదం ఊగుతోంది" అని దారము తీసి తన చేతితోనే బిగించి కట్టినారు. గీత చదునుగా పడినది. గజము గుడ్డ నేస్తుందా అన్న ప్రశ్నకు మేము జవాబు చెప్పలేదు, ఆయన మళ్ళీ అడగలేదు. పోతూ పోతూ మాత్రము, "ఆ పుస్తకమేదో తెరిస్తే చెప్పండి, మా ఇంటి వరుసలు రెండున్నవి" అన్నారు.